మామ్మకి రెండు భాషలు, ఫారంలో ఒకటే గడి

2011 ఫిబ్రవరి. పాతపట్నంలో మా ఇంటి అరుగు మీద జనాభా లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పేద్ద ఫారం, కింద అట్ట, చేతిలో పెన్ను. మా మామ్మ గుమ్మంలో చతికిలబడి చింతపండు పిక్కలు తీస్తోంది. పేరు, వయసు, చదువు అన్నీ అయ్యాక మాస్టారు అడిగాడు, "మాతృభాష ఏటమ్మా?" అని.

"మా అమ్మ భాషా? మాయమ్మ ఒడియా మాటాడీది. మా అయ్య తెలుగు. నాను ఎవుళితో మాటాడితే ఆల భాష."

"అలాక్కాదమ్మా, ఒక్కటే రాయాలి."

"ఐతే నీకేది రాయడం సులువైతే అది రాసుకో బావూ. టీ పెట్టమంటాను, తాగి ఎల్లు."

మాస్టారు తెలుగు అని రాసుకున్నాడు, పక్కన "తెలిసిన ఇతర భాషలు" గడిలో ఒడియా అని రాశాడు, టీ తాగి పక్కింటికి వెళ్ళిపోయాడు. మేమందరం నవ్వుకున్నాం, అక్కడితో అయిపోయింది. తర్వాత తెలిసిందేంటంటే నదికి అవతల, అంటే మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి, అక్కడున్న మా చిన్నమామ్మ, అంటే మా మామ్మకి సొంత చెల్లెలు, వాళ్ళింట్లో ఒడియా అని రాయించుకున్నారట. మనవల స్కూలుకీ సర్టిఫికెట్లకీ గొడవ లేకుండా ఉంటాదని. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే వంటింట్లో పెరిగిన ఇద్దరక్కచెల్లెళ్ళు, మాతృభాషలు మాత్రం రెండు.

అప్పటికి నాకు ఎరిక్ హాబ్స్‌బామ్ అనే బ్రిటిష్ హిస్టారియన్ ఎవరో తెలీదు. ఆ తర్వాత రెండేళ్ళకి హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో, కంప్యూటర్ గైడ్ల కుప్ప కింద, 1780 నుంచి నేషన్లు, నేషనలిజం గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం దొరికింది. అంతకుముందు కొనుక్కున్న మహానుభావుడెవరో ముప్పయ్యో పేజీ దాకా పెన్సిల్‌తో గీతలు గీసి తర్వాత వదిలేశాడు. నేనూ మొదటిసారి దాదాపు అక్కడే వదిలేశాను, నిజం చెప్పాలంటే. కానీ భాషల గురించి, జనాభా లెక్కల గురించి ఆయన రాసిన పేజీలకి వచ్చేసరికి నాకు అరుగు మీద మాస్టారు, చింతపండు చేతుల్తో మామ్మ కనపడ్డారు, ఇక వదలబుద్ధి కాలేదు.

ముందు మనిషి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈయన జీవితమే సగం థియరీ. 1917 జూన్‌లో ఈజిప్టులో, అలెగ్జాండ్రియాలో పుట్టాడు. తండ్రి లండన్ యూదుడు, బ్రిటిష్ పౌరుడు. తల్లి వియన్నా యూదు కుటుంబం, ఆస్ట్రియా పౌరురాలు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, వీళ్ళ రెండు దేశాలూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి, అందుకని ఇద్దరూ ఎవరి పక్షమూ కాని స్విట్జర్లాండ్‌కి వెళ్ళి జ్యూరిక్‌లో పెళ్ళి చేసుకున్నారు. ఇంటిపేరు అసలు హాబ్స్‌బౌమ్, గుమాస్తా ఎవరో ఒక అక్షరం తప్పు రాస్తే ఈయనకి హాబ్స్‌బామ్ అయి కూర్చుంది (మన రేషన్ కార్డులే అనుకున్నాను, అక్కడా అంతే). చిన్నతనం వియన్నాలో, అంటే సామ్రాజ్యం పోయి రాజధాని మాత్రం మిగిలిపోయిన ఊళ్ళో, పెద్ద శరీరం పోయి తలకాయ మాత్రం మిగిలినట్టు. పద్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, బెర్లిన్‌లో బాబాయి దగ్గరికి చేరాడు. 1933 జనవరి 30న చెల్లెల్ని తీసుకుని స్కూల్నించి ఇంటికి నడిచి వస్తుంటే పేపర్ వాళ్ళ బోర్డు మీద హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడన్న హెడ్‌లైన్ చూశాడు. అదే ఏడాది కుటుంబం లండన్ వచ్చేసింది. కేంబ్రిడ్జి, కమ్యూనిస్టు పార్టీ, అక్కడ మోహన్ కుమారమంగళం లాంటి ఇండియన్ కుర్రాళ్ళతో స్నేహం, తర్వాత లండన్‌లో బిర్క్‌బెక్ కాలేజీలో జీవితాంతం లెక్చరరు, ప్రొఫెసరు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం చదువుకునేవాళ్ళ కాలేజీ అది. 2012లో పోయాడు.

ఇలాంటి మనిషిని "నీది ఏ జాతి" అని అడిగితే ఏం చెప్తాడు? ఈజిప్టు పుట్టుక, జర్మన్ స్కూలు, ఇంగ్లీషు పాస్‌పోర్టు, మతం మీద నమ్మకం లేని యూదుడు. మా మామ్మ కంటే పెద్ద కేసు.

ఆయన చెప్పేది ఒక్క ముక్కలో చెప్పాలంటే, నేషన్ ముందుండి దాన్నుంచి నేషనలిజం పుట్టలేదు, నేషనలిజమే నేషన్‌ని తయారుచేసింది. జనం అనుకునేదానికి పూర్తి ఉల్టా. మనం అనుకునేది ఏంటంటే వేల ఏళ్ళ నుంచి ఒక జాతి నిద్రపోతూ ఉంది, ఒకరోజు ఎవరో లేపారు, లేచింది అని. ఆయన అంటాడు, నిద్రపోయిందేం లేదు బాబూ, స్కూలు, అచ్చు యంత్రం, సైన్యం, ఓటు, రైలు ఇవన్నీ వచ్చాక తయారైన సరుకు ఇది అని. 1985లో ఈ లెక్చర్లు ఎక్కడిచ్చాడో తెలుసా, బెల్‌ఫాస్ట్‌లో, క్వీన్స్ యూనివర్సిటీలో. వీధికో జెండా పెట్టుకుని కొట్టుకుంటున్న ఊళ్ళో నిలబడి జాతి అనేది తయారైన వస్తువు అని చెప్పాడంటే మాటలు కాదు. ఊరే టాపిక్‌ని సూచించింది అని ఆయనే ముందుమాటలో రాసుకున్నాడు.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన చోటు డిక్షనరీల గురించి. స్పెయిన్ రాయల్ అకాడమీ డిక్షనరీలో 1884 దాకా "నేషన్" అనే మాటకి అర్థం ఒక ప్రాంతంలోనో రాజ్యంలోనో ఉండే జనం అని, ఇంకో అర్థం పరాయివాడు అని. ప్రభుత్వం, రాజ్యాధికారం అన్న అర్థం 1884 ఎడిషన్‌లోనే వచ్చి చేరింది. అది చదివి మన మాటల గురించి ఆలోచించాను. జాతి అంటాం. తెలుగు జాతి, భారత జాతి, రెండిటికీ అదే మాట. మళ్ళీ ముర్రా జాతి గేదె. ఇక దేశం. మా వైపు ముసలాళ్ళు "ఆడు దేశాలు పట్టి ఎల్లిపోనాడు" అంటే వాడు ఇండియా వదిలి పోయాడని కాదు, ఇల్లు వదిలి ఎటో పోయాడని, అది ఖరగ్‌పూర్ కావచ్చు రంగూన్ కావచ్చు. దేశవాళీ ఆవు అంటే మన చుట్టుపక్కల ఆవు. ఆ పాత దేశానికి మ్యాప్ లేదు. మ్యాప్ ఉన్న దేశం తర్వాత వచ్చి అదే మాటలో కూర్చుంది, మనకి తెలీకుండానే.

భాష సంగతి ఇంకా చిత్రం. ఫ్రెంచి విప్లవం నాటికి, 1789లో, ఫ్రాన్స్ జనంలో సగం మందికి ఫ్రెంచి అసలు రాదు, సరిగ్గా మాట్లాడేవాళ్ళు నూటికి పన్నెండు పదముగ్గురు. ఇటలీ ఒకటైనప్పుడు రోజువారీ అవసరాలకి ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు వందకి రెండున్నర మంది. రెండున్నర! ఇటలీని తయారుచేశాం, ఇక ఇటాలియన్లని తయారుచెయ్యాలి అని అక్కడి రాజకీయ నాయకుడు దాజెల్యో అన్నట్టుగా చెప్పుకునే మాట జోకు కాదు, మస్టర్ రోల్. అంటే భాష ఉంది కాబట్టి దేశం అని కాదు, దేశం వచ్చింది కాబట్టి స్కూలొచ్చింది, స్కూల్లో మాస్టారు బెత్తం పట్టుకుని ఒకే భాష నేర్పాడు, ముప్పై నలభై ఏళ్ళకి అందరూ అది మా తాతల నాటి భాష అన్నారు.

ఇక్కడే జనాభా లెక్కలు వస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ గణాంకాల వాళ్ళు కాన్ఫరెన్సుల మీద కాన్ఫరెన్సులు పెట్టుకుని భాష గురించి అడగాలా వద్దా, అడిగితే ఎలా అడగాలి అని కొట్టుకున్నారు. ఆస్ట్రియా 1880 లెక్కల్లో మాతృభాష అని అడగలేదు, రోజూ నలుగురితో వాడే భాష ఏది అని అడిగింది, హంగరీ వాళ్ళు మాతృభాష అని అడిగారు. చిన్న తేడాలా ఉంది కదా, కాదు. ఊళ్ళో పనికోసం జర్మన్ మాట్లాడే చెక్ కూలీ ఒక ఫారంలో జర్మన్ అవుతాడు, ఇంకో ఫారంలో చెక్ అవుతాడు. పైగా ఒక్క సమాధానమే ఒప్పుకుంటారు. యిడ్డిష్ మాట్లాడే యూదులకైతే ఆ లిస్టులో వాళ్ళ భాషే లేదు, పక్కవాళ్ళ భాష ఏదో ఒకటి చెప్పుకోవాలి. హాబ్స్‌బామ్ పాయింట్ ఏంటంటే, ఈ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ వేసుకోని ప్రశ్న. అడగడంతోనే ప్రతివాడూ ఏదో ఒక వైపు నిలబడాల్సి వచ్చింది, పదేళ్ళకోసారి లెక్క రాగానే మావాళ్ళు పెరిగారు మీవాళ్ళు తగ్గారు అని పేపర్లు, సభలు, స్కూలు ఎవరి భాషలో పెట్టాలి, పోస్టాఫీసు బోర్డు ఎవరి భాషలో రాయాలి అని తగాదా. లెక్కపెట్టడానికి వెళ్ళినవాడు లెక్కపెట్టాల్సిన వస్తువుని తయారుచేసి వచ్చాడన్నమాట.

సరే భాష గడి నింపాక జనం ఆ గడి ప్రకారమే నడుస్తారా అంటే అదీ లేదు. 1920 అక్టోబర్ 10న ఆస్ట్రియా సరిహద్దులో ఉన్న దక్షిణ కారింథియాలో ఓటింగ్ పెట్టారు, ఆస్ట్రియాలో ఉంటారా, కొత్తగా ఏర్పడ్డ యుగోస్లావ్ రాజ్యంలోకి వెళ్తారా అని. ఓటు పడిన ఆ జోన్‌లో నూటికి డెబ్భై మంది దాకా స్లొవీన్ మాట్లాడేవాళ్ళు. భాషే జాతి అయితే రిజల్టు ముందే తెలిసినట్టే. తీరా చూస్తే 59 శాతం ఆస్ట్రియాకి వేశారు. ఎందుకు వేశారు? వాళ్ళు ధాన్యం అమ్మే సంత క్లాగెన్‌ఫర్ట్‌లో ఉంది, అది కొండలకి ఇటువైపు. అటువైపు రాజు, ఇటువైపు రిపబ్లిక్. అటువైపు పోతే మళ్ళీ సైన్యంలోకి లాగుతారేమోనన్న భయం. మనుషులు లెక్కలేసుకుంటారు, మా చిన్నమామ్మ ఇంట్లోవాళ్ళు సర్టిఫికెట్ల కోసం వేసుకున్నట్టే.

మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. పర్లాకిమిడి 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, బ్రిటిష్ ఇండియాలో భాష పేరు మీద ఏర్పడ్డ మొదటి రాష్ట్రం అదే. పర్లాకిమిడి జమీందారీని కోసి ఊరుని ఒరిస్సాకి ఇచ్చారు, పాతపట్నం ఇటు ఉండిపోయింది. మా మామ్మకి అప్పుడు ఐదేళ్ళు. వాళ్ళ అయ్య చెప్పేవాడట, రాత్రి మద్రాసులో పడుకున్నాం తెల్లారి ఒరిస్సాలో లేచాం, మంచం కదిలింది లేదు అని. ఆ రోజే గిడుగు రామమూర్తి పంతులుగారు ఎన్నో ఏళ్ళు బతికిన పర్లాకిమిడి వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు, నిరసనగా. ఇది నన్ను ఎప్పుడూ తికమక పెడుతుంది. వాడుక భాష కోసం పండితులందరితో కొట్లాడిన మనిషి, కొండల్లో ఉండే సవర గిరిజనుల లిపి లేని భాష నేర్చుకుని సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి బడి పెట్టిన మనిషి, భాష అనేది మనిషి నోట్లో ఉంటుంది గ్రంథంలో కాదు అన్న మనిషి. ఆయనకే ఈ సరిహద్దు గీత భరించలేనిదైంది. నేను తప్పు పట్టట్లేదు, డెబ్భై దాటిన వయసులో ఊరు వదిలారంటే లోపల ఎంత మండి ఉండాలి. కానీ సవరలని మాత్రం గీత గీసేముందు ఎవరూ అడిగినట్టు లేదు. వాళ్ళు గీతకి రెండువైపులా ఉన్నారు, ఇప్పటికీ.

ఇక సామ్రాజ్యం. నేషన్ వేరు ఎంపైర్ వేరు, ఒకటి మంచిది ఒకటి చెడ్డది, ఒకటి పోతే ఇంకోటి వస్తుంది అనుకునేవాణ్ణి. హాబ్స్‌బామ్ 1987లో రాసిన సామ్రాజ్య యుగం పుస్తకం చదివితే ఆ రెండూ ఒకే ఇంట్లో మనుషులని అర్థమైంది. 1876కీ 1915కీ మధ్య భూమ్మీద నేలలో నాలుగో వంతు ఓ అరడజను దేశాల మధ్య కాలనీలుగా పంపకం అయిపోయింది. బ్రిటన్ ఒక్కటే నలభై లక్షల చదరపు మైళ్ళు కలుపుకుంది, ఫ్రాన్స్ ముప్పై అయిదు లక్షలు. ఇదే కాలంలో ఇంటి దగ్గర ఓటుహక్కు కిందివాళ్ళకి వస్తోంది, బడి అందరికీ తప్పనిసరి అవుతోంది. ఓటున్న కూలీవాణ్ణి రాజ్యం వైపు ఉంచుకోవాలి కదా, గోడ మీద మ్యాప్ పెట్టి ఎర్రగా ఉన్నదంతా మనదే అని చెప్పాలి. జీతం పెంచడం కంటే అది చవక. ఇంగ్లండ్ స్కూళ్ళల్లో పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఎంపైర్ డే చేయించారు. లివర్‌పూల్ రేవు కూలీకి ఇండియాలో సెంటు భూమి లేదు, కానీ వాడూ యజమానే అన్న ఫీలింగ్ వచ్చింది. ఊళ్ళో మన కులపోడు ఎమ్మెల్యే అయితే మనకి రోడ్డు రాకపోయినా ఛాతీ ఉబ్బుతుంది చూడండి, అది.

1983లో టెరెన్స్ రేంజర్‌తో కలిసి హాబ్స్‌బామ్ ఎడిట్ చేసిన ఇంకో పుస్తకం ఉంది, సంప్రదాయాలని ఎలా కనిపెడతారో చెప్పేది. స్కాట్లండ్ వాళ్ళ గళ్ళ లుంగీ లాంటి కిల్ట్ ఉంటుంది కదా, అనాదిగా హైలాండర్ల డ్రెస్ అనుకుంటాం, ఇప్పటి కురచ రూపం పద్దెనిమిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు ఇనుప కొలిమి యజమాని పుణ్యమా అని వచ్చిందట, ఆ వ్యాసం వేరేవాళ్ళది. నాకు మాత్రం అదే పుస్తకంలో బెర్నార్డ్ కోన్ రాసిన 1877 ఢిల్లీ దర్బారు వ్యాసం మర్చిపోలేనిది. విక్టోరియాని కైసర్-ఇ-హింద్ అని ప్రకటించడానికి జనవరి 1న పెద్ద సభ. మన సంస్థానాధీశులందరికీ ఇంగ్లండ్ ప్రభువులకి ఉన్నట్టు డాలు మీద చిహ్నాలు ఉండాలి అనుకున్నారు, లేవు, ఏం చెయ్యాలి? రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి కూర్చుని ఒక్కో రాజవంశానికి ఒక్కో చిహ్నం గీసిపెట్టాడు, తొంభై దాకా. ఒకరికి ఏనుగు, ఒకరికి సూర్యుడు, ఇలా. పట్టు గుడ్డ మీద కుట్టి, ఇత్తడి కర్రలకి తగిలించి, రాజులకి ఇచ్చారు. ఎంత బరువంటే ఒక్కోదాన్ని ఎత్తడానికి ఇద్దరు దిట్టమైన హైలాండర్ సోల్జర్లు కావాల్సొచ్చింది. అదిగో ఆ ఇద్దరు సోల్జర్లని తల్చుకుంటేనే నవ్వొస్తుంది, వాళ్ళు కట్టుకున్నది కనిపెట్టిన కిల్టు, మోస్తున్నది కనిపెట్టిన జెండా, ఇచ్చేది నిన్నగాక మొన్న కనిపెట్టిన బిరుదు పేరు మీద. పదేళ్ళ పిల్లాడు నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా సాలార్‌జంగ్‌తో కలిసి హైదరాబాద్ నుంచి వెళ్ళి ఆ సభలో కూర్చున్నాడు.

నవ్వు ఆగిపోయే విషయం ఏంటంటే అదే టైంలో 1876లో వానలు పోయి బళ్ళారి, కర్నూలు, కడప, మద్రాసు ప్రాంతమంతా కరువు. ధాత కరువు అని పెద్దవాళ్ళు చెప్పుకునేది అదే. ఢిల్లీలో జెండాలు పంచుతున్నప్పుడు ఇక్కడ జనం గంజి కేంద్రాలకి నడుస్తున్నారు, దార్లో పడిపోతున్నారు.

ఇంటర్నేషనలిజం అంటే హాబ్స్‌బామ్‌కి ప్రాణం, అదే ఆయన మతం అనొచ్చు. మరి అది నేషనలిజం ముందు ఎందుకు ఓడిపోయింది? 1889లో పారిస్‌లో పెట్టుకున్న రెండో ఇంటర్నేషనల్, అంటే దేశదేశాల సోషలిస్టు పార్టీల కూటమి, 1912లో బాసెల్ చర్చిలో సభ పెట్టి యుద్ధం వద్దని ఒట్టేసుకున్నారు, 1914 జూలై 31న యుద్ధం వద్దన్న ఫ్రెంచి సోషలిస్టు నాయకుడు జోరెస్‌ని పారిస్ కెఫేలో కాల్చి చంపారు, ఆగస్టు 4న జర్మన్ సోషలిస్టులు పార్లమెంటులో యుద్ధానికి డబ్బు మంజూరు చేస్తూ ఓటేశారు. వారం కూడా పట్టలేదు. మామూలుగా దీన్ని ద్రోహం అనో, కార్మికుడికి చివరికి క్లాస్ కాదు దేశమే ముఖ్యం అనో తేల్చేస్తారు. హాబ్స్‌బామ్ ఇక్కడ ఒక మాట అంటాడు, మనుషులు తమ గుర్తింపుని చెప్పుల్లా ఎంచుకోరు, ఒకసారికి ఒక జతే తొడుక్కోగలం అన్నట్టు. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ బొగ్గుగని కార్మికులని చూపిస్తాడు, 1914లో వాళ్ళే గుంపులుగా సైన్యంలో చేరారు, వాళ్ళే 1915లో యుద్ధం మధ్యలో సమ్మె చేసి గనులు బంద్ పెట్టారు, దేశద్రోహులు అని తిట్టినా చెవిన వేసుకోలేదు. రెండూ వాళ్ళే. వాళ్ళకి అందులో వైరుధ్యం కనపడలేదు, మనకి కనపడుతుంది, ఎందుకంటే మన చేతిలో ఒక గడి ఉన్న ఫారం ఉంది.

1907లో ఇదే ఇంటర్నేషనల్ వాళ్ళ స్టుట్‌గార్ట్ మహాసభలో మన విప్లవకారిణి మేడమ్ కామా ఇండియా జెండా విప్పి చూపించింది. ప్రపంచ కార్మికులారా అనే సభలో ఒక దేశం జెండా! ఎవరికీ తప్పనిపించలేదు, ఎందుకంటే సామ్రాజ్యం కింద ఉన్నవాడికి జెండా ఎత్తడమే ఇంటర్నేషనలిజం. మన దగ్గరా అంతే, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు 1946లో విశాలాంధ్రలో ప్రజారాజ్యం అని పుస్తకం రాశారు, పార్టీ పేపర్‌కి విశాలాంధ్ర అని పేరే పెట్టుకున్నారు. మాస్కో వైపు చూసేవాళ్ళు అని తిట్టించుకున్నవాళ్ళే తెలుగువాళ్ళందరికీ ఒక రాష్ట్రం అని అందరికంటే గట్టిగా అరిచారు. తర్వాత 2014లో అదే భాష రెండు రాష్ట్రాలయింది, అది ఇంకో కథ, దాని జోలికి పోతే కామెంట్లలో నన్ను బతకనివ్వరు.

మా మామ్మ 2016లో పోయింది. చిన్నమామ్మ వంతెన దాటి ఆటోలో వచ్చింది. మా వైపు ఒడియాలో అక్కని నానీ అంటారు. గుమ్మంలోనే "నానీ" అని మొదలుపెట్టి ఒడియాలో ఏడ్చింది, చిన్నప్పటి సంగతులన్నీ, వాళ్ళమ్మ పేరు, పర్లాకిమిడి ఇంటి బావి. కాసేపటికి మా నాన్న వచ్చి పట్టుకోగానే, నన్నొదిలేసి ఎల్లిపోనావా అక్కా అని తెలుగులోకి వచ్చేసింది. ఎక్కడ మారిందో నాకు తెలీలేదు, తనకీ తెలిసుండదు.

ఇక నా పేచీలు. హాబ్స్‌బామ్‌ని నెత్తిన పెట్టుకోవాలని కాదు. 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీలోకి వెళ్తే తోటి హిస్టారియన్లు ఒక్కొక్కరే పార్టీ వదిలేశారు, ఈయన నిరసన లెటర్ మీద సంతకమైతే పెట్టాడు కానీ పార్టీ వదల్లేదు. 1994లో మైకేల్ ఇగ్నేటియెఫ్ అనే రచయిత టీవీలో ఈయన్ని అడిగాడు, ఆ కలలు కన్న కొత్త ప్రపంచం నిజంగా వచ్చుంటే కోటిన్నర రెండు కోట్ల ప్రాణాలు పోయినా సరేననేవారా అని. అవును అన్నాడు. నేషన్ పేరు మీద చేసే బలుల గురించి అంత చురుగ్గా రాసిన మనిషి, తన జెండా దగ్గరికి వచ్చేసరికి లెక్క మార్చేశాడు. అది చదివాక పుస్తకం కొన్ని రోజులు పక్కన పెట్టేశాను.

ఇంకోటి, 1990లో పుస్తకం చివర నేషనలిజం వెలిగిన రోజులు అయిపోయాయి, ఇక దిగుదశలో ఉంది అన్నట్టు రాశాడు. మరుసటి ఏడాదే సోవియట్ యూనియన్ పదిహేను ముక్కలు, యుగోస్లావియాలో రక్తం. 1992లో మళ్ళీ ఎడిషన్ వేసి, ఇవన్నీ 1918-21లో మిగిలిపోయిన పాత బాకీలే అని సర్దిచెప్పాడు. కొంత నిజమే. కానీ అప్పటి నుంచి ఇప్పటిదాకా పేపర్ తెరిస్తే కనపడేది పాత బాకీ ఒక్కటే అంటే నేను ఒప్పుకోను, ఎవరో కొత్త అప్పులు కూడా చేస్తున్నారు.

అన్నిటికంటే పెద్ద పేచీ, కాలనీల నేషనలిజం ఆయన పుస్తకంలో వెనక బెంచీలో కూర్చుంటుంది. యూరప్ నమూనా వేసుకుని మిగతావాళ్ళు కాపీ కొట్టారు అన్నట్టు ఉంటుంది. కూలిన సామ్రాజ్యం రాజధాని వియన్నాలో పెరిగాడు కదా, ఆస్ట్రియా-హంగరీని ఏలిన పాత హాబ్స్‌బర్గు వంశం రాజ్యంలో పది జాతులు పక్కపక్కన బతికాయి, అది పోయాక వచ్చిన చిన్న దేశాలు మైనారిటీలని తరిమాయి అనే బాధ ఆయన రాతల్లో ఎక్కడో ఉంటుంది. ఆయన బాధ ఆయనకి నిజం, యూదు పిల్లాడికి అంతకంటే నిజం ఏముంటుంది. కానీ 1877లో కర్నూలు నుంచి చూస్తే సామ్రాజ్యం ఇంకోలా కనపడుతుంది.

అయినా ఒక్క మాటకి ఆయన్ని మళ్ళీ మళ్ళీ తీస్తాను. లక్షల మంది ఉన్న ఊహల్లోని జాతి, పేర్లున్న పదకొండు మంది ఆటగాళ్ళ రూపంలో ఎక్కువ నిజంగా అనిపిస్తుంది అని ఫుట్‌బాల్ గురించి రాశాడు. మనకి ఫుట్‌బాల్ కాదు గానీ లెక్క మాత్రం పదకొండే. మ్యాచ్ రోజు మా చిన్నమామ్మ ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఒకేసారి అరుపులు, ఫోన్ చేస్తే ఎంగేజ్.

మొన్న చిన్నమామ్మ కొడుకు, మా బాబాయి, ఫోన్ చేశాడు. 2027 జనాభా లెక్కలు వస్తున్నాయి కదా, ఈసారి ఫోన్లోనే మనమే నింపుకోవచ్చంట, నీకు కంప్యూటర్ తెలుసు కదరా చెప్పు అన్నాడు. వాళ్ళ కోడలిది బరంపురం, తెలుగు ఇల్లే, పిల్లలు ఇంగ్లీషు మీడియం, పక్క వాటాలో సవరాలు. మాతృభాష దగ్గర ఒక్కటే టిక్ పడతాదా, రెండు పడతాయా అని అడిగాడు.

కనుక్కుని చెప్తానన్నాను.